2జీ వాయిస్ నడుస్తున్న నెట్‌వర్క్‌పై 4జీ డేటా ఎక్కించడం: ఆపరేటర్ వైపు పని క్రమం

నడుస్తున్న 2జీ నెట్‌వర్క్‌కి 4జీ జోడించేటప్పుడు మీటింగులన్నీ డేటా చుట్టూ తిరుగుతాయి: ఎన్ని ఎంబీపీఎస్, ఏ బ్యాండ్, ఎన్ని సైట్లు. తీరా ఆన్ చేశాక కాల్ సెంటర్‌కి వచ్చే ఫిర్యాదులు వేరేగా ఉంటాయి. కాల్ కలవడానికి ఆలస్యమవుతోందని, ఫోన్ చేతిలోనే ఉన్నా అవతలివాళ్లకి స్విచాఫ్ అని వినిపిస్తోందని, మాట్లాడుతుంటే తెగిపోతోందని. దీనికి కారణం ఎల్‌టీఈ (4జీ టెక్నాలజీ) నిర్మాణంలోనే ఉంది. అది పూర్తిగా ప్యాకెట్ నెట్‌వర్క్, అందులో పాత పద్ధతి వాయిస్ సర్క్యూట్ (కాల్‌కి విడిగా కేటాయించే దారి) లేదు. 4జీ మీద ఉన్న ఫోన్‌కి కాల్ చేరాలంటే ఆ దారిని మనమే విడిగా వేయాలి. అందుకే ఈ గైడ్‌లో ప్రతి దశనూ వాయిస్ వైపు నుంచి చూస్తాం: ఇక్కడ డేటాకి ఏం ఇస్తున్నాం, ఆ మేరకు వాయిస్ నుంచి ఏం తీస్తున్నాం?

ఉదాహరణకి తీసుకున్న నెట్‌వర్క్ ఇది: 1800 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 10 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రం, మూడు సెక్టార్ల (ఒక్కో దిక్కుకి ఒక్కో సెల్) సైట్లు, సెక్టార్‌కి 4 టీఆర్‌ఎక్స్‌లు (ఒక్కోటి 8 టైమ్‌స్లాట్లు నడిపే 2జీ రేడియోలు), పనిచేస్తున్న ఎంఎస్‌సీ (కాల్స్ కలిపే స్విచ్), హెచ్‌ఎల్‌ఆర్ (చందాదారుల డేటాబేస్). ఇందులోంచి 5 మెగాహెర్ట్జ్ తీసి ఎల్‌టీఈకి ఇస్తాం.

ముందు వాయిస్ దారి తేల్చుకోండి

దారులు రెండు. మొదటిది సీఎస్ ఫాల్‌బ్యాక్: ఫోన్ 4జీలో డేటా వాడుతుంది, కాల్ రాగానే 2జీకి దిగి మాట్లాడుతుంది, అయ్యాక తిరిగి ఎక్కుతుంది. రెండోది వోల్టీ: కాల్ కూడా ప్యాకెట్ల రూపంలో 4జీ మీదే వెళ్తుంది, దానికి ఐఎంఎస్ అనే మరో కోర్ (సైట్ల వెనక ఉండి కాల్స్‌ని నడిపే కేంద్ర వ్యవస్థ) కావాలి.

మన దేశంలో రెండు దారులకీ ఉదాహరణలున్నాయి. జియో 2016 సెప్టెంబరులో సేవలు మొదలుపెట్టినప్పుడు దానికి 2జీ లేదు, కాబట్టి మొదటి రోజు నుంచే వోల్టీ. వోల్టీ లేని 4జీ ఫోన్లున్నవాళ్లు ప్రత్యేక యాప్ ద్వారా కాల్ చేసుకోవాల్సి వచ్చింది. 2017లో వోల్టీతో కూడిన జియోఫోన్ వచ్చింది. ఎయిర్‌టెల్ 2012 ఏప్రిల్‌లో కోల్‌కతాలో 2300 మెగాహెర్ట్జ్‌పై 4జీ డేటా మొదలుపెట్టింది, వోల్టీ మాత్రం 2017 సెప్టెంబరులో ముంబైతో మొదలైంది. నడుమ ఐదేళ్లకు పైగా దాని కాల్స్ పాత నెట్‌వర్క్ మీదే నడిచాయి.

2జీ చేతిలో ఉన్న ఆపరేటర్‌కి సరైన క్రమం: ఫాల్‌బ్యాక్‌తో మొదలుపెట్టండి, వోల్టీ పనులు అదే రోజు ప్రారంభించండి. ఫాల్‌బ్యాక్ చాలులే అని ఆగిపోతే 4జీ చందాదారులు పెరిగేకొద్దీ 2జీ మీద భారం తగ్గదు, దానికిచ్చిన స్పెక్ట్రం వెనక్కి రాదు.

స్పెక్ట్రం కోత

జీఎస్‌ఎం (2జీ టెక్నాలజీ) వాహకం, అంటే ఒక ఫ్రీక్వెన్సీ పట్టీ, ఒక్కోటి 200 కిలోహెర్ట్జ్. 10 మెగాహెర్ట్జ్‌లో 50 వాహకాలు. ఎల్‌టీఈకి 5 మెగాహెర్ట్జ్ ఇస్తే 25 పోతాయి, 25 మిగులుతాయి. ఆ 25ని ఇలా పంచండి: సెల్ తన వివరాలు ప్రసారం చేసే బీసీసీహెచ్ ఛానల్‌కి 12 (నాలుగు సైట్లకి మూడు సెక్టార్ల చొప్పున పునర్వినియోగం, అంటే ఆ తర్వాతి సైట్లలో అవే వాహకాలు మళ్లీ వాడడం), ఎల్‌టీఈ అంచున కాపలాగా 1 ఖాళీ, మిగతా 12 హాపింగ్‌కి (కాల్ ఒక వాహకం నుంచి ఇంకోదానికి మారుతూ సాగడానికి). బీసీసీహెచ్‌లను మరీ దగ్గరదగ్గరగా పేర్చి హాపింగ్‌కి ఎక్కువ మిగుల్చుకుందామనిపిస్తుంది. వద్దు. ఫాల్‌బ్యాక్‌లో ఫోన్ ముందు వెతికేది బీసీసీహెచ్‌నే. అది మసకబారితే కాల్ మొదట్లోనే పోతుంది.

ఇప్పుడు సామర్థ్యం లెక్క. పాత సెక్టార్‌లో 4 టీఆర్‌ఎక్స్‌లు, అంటే 32 టైమ్‌స్లాట్లు. బీసీసీహెచ్‌కి 1, ఎస్‌డీసీసీహెచ్‌కి (కాల్ కలపడం లాంటి సిగ్నలింగ్ నడిచే ఛానల్) 2 పోతే వాయిస్‌కి 29. రెండు శాతం బ్లాకింగ్ (ఖాళీ లేక కాల్ కలవకపోవడం) దగ్గర ఎర్లాంగ్-బి పట్టిక ప్రకారం 21 ఎర్లాంగ్‌లు (ఒక ఛానల్ గంటంతా నిండి ఉంటే ఒక ఎర్లాంగ్). సెక్టార్‌ని 2 టీఆర్‌ఎక్స్‌లకి తగ్గిస్తే 16 స్లాట్లు. బీసీసీహెచ్ 1, ఎస్‌డీసీసీహెచ్ 2, జీపీఆర్‌ఎస్‌కి (2జీ డేటాకి) స్థిరంగా 1 తీసేస్తే 12. ఫుల్‌రేట్‌లో (స్లాట్‌కి ఒక కాల్) ఇవి 6.6 ఎర్లాంగ్‌లే మోస్తాయి. అన్నీ హాఫ్‌రేట్ (స్లాట్‌కి రెండు కాల్స్) చేస్తే 24 ఛానళ్లు, 16.6 ఎర్లాంగ్‌లు.

కాబట్టి ప్రతి సెక్టార్‌కి బిజీ అవర్ ట్రాఫిక్ కనీసం నాలుగు వారాలది తీసి, పండుగ రోజులు కూడా కలిపి చూడండి. 13 ఎర్లాంగ్‌ల లోపుంటే 2 టీఆర్‌ఎక్స్‌లు చాలు. 16 దాటితే 3 ఉంచండి, లేదా ఆ సైట్‌ని రెండో విడతకి వాయిదా వేయండి. ఇక్కడో ఇరుకు ఉంది. హాఫ్‌రేట్ కోడెక్ (మాటను కుదించే పద్ధతి) శుభ్రమైన సిగ్నల్ ఉంటేనే బాగా వినిపిస్తుంది. వాహకాలు తగ్గి పునర్వినియోగం బిగిసేసరికి పక్క సైట్ల జోక్యం పెరుగుతుంది. హాఫ్‌రేట్ అవసరమైన వేళకే దానికి పనికొచ్చే నాణ్యత తగ్గుతుందన్నమాట. అందుకని అందరినీ హాఫ్‌రేట్‌కి నెట్టకండి. సెల్ 60-70 శాతం నిండాకే మొదలయ్యేలా, అదీ నాణ్యత బాగున్న కాల్స్‌కే వర్తించేలా, నాణ్యత పడిపోతే ఫుల్‌రేట్‌కి తిరిగి వచ్చేలా పెట్టండి.

ఎస్‌డీసీసీహెచ్‌ని రెండు నుంచి ఒకటికి తగ్గించి ఒక వాయిస్ స్లాట్ లాభపడదామనుకుంటారు. 4జీ కవరేజీ అంచున ఉన్న సెల్‌లో ఫోన్లు 4జీ, 2జీల మధ్య అటూఇటూ తిరుగుతూ దిగిన ప్రతిసారీ లొకేషన్ అప్‌డేట్ (ఎక్కడున్నదీ నెట్‌వర్క్‌కి తెలపడం) చేస్తాయి. ఆ భారమంతా ఎస్‌డీసీసీహెచ్‌దే. అంచు సెల్స్‌లో రెండూ ఉండాల్సిందే.

4జీ ప్రాంతం చుట్టూ, కోసేసిన వాహకాలను వాడని సైట్ల వలయం వదలండి. క్లస్టర్ (ఒకేసారి మార్చే సైట్ల గుంపు) బయట ఉన్న సైట్లు కోసేసిన వాహకాలను ఇంకా వాడుతుంటే ఆ జోక్యం నేరుగా ఎల్‌టీఈ అప్‌లింక్‌లో (ఫోన్ నుంచి సైట్‌కి వెళ్లే దిశలో) పడుతుంది. గోదావరి డెల్టాలాంటి చదును నేలలో సిగ్నల్‌కి అడ్డం ఉండదు కాబట్టి వలయం వెడల్పుగా ఉండాలి. పాడేరు, అరకు వైపు కొండ మీది ఒక్క సైట్ కింద ఉన్న లోయలన్నిట్లోనూ వినిపిస్తుంది. అక్కడ దూరాన్ని బట్టి కాక ఏ సైట్ ఎక్కడ వినిపిస్తుందో డ్రైవ్ టెస్ట్‌లో (బండిలో తిరుగుతూ సిగ్నల్ కొలవడం) చూసి వలయం గీయాలి.

ఆన్ చేశాక ఎల్‌టీఈ అప్‌లింక్ శబ్దాన్ని రిసోర్స్ బ్లాక్ (ఎల్‌టీఈ పట్టీలో చిన్న ముక్క) వారీగా గీయించండి. 5 మెగాహెర్ట్జ్‌లో 25 బ్లాకులుంటాయి, ఒక్కోటి 180 కిలోహెర్ట్జ్. ఖాళీ నెట్‌వర్క్‌లో బ్లాక్‌కి సుమారు మైనస్ 117 డీబీఎం దగ్గర ఉండాలి. ఒకటి రెండు బ్లాకుల్లో మాత్రమే సన్నగా ముల్లులా లేచిందంటే ఎక్కడో జీఎస్‌ఎం వాహకం ఒకటి మిగిలిపోయింది. మొత్తం పట్టీ లేచిందంటే వదులు కనెక్టర్ గాని, ఎవరో ఇంటి మీద పెట్టుకున్న అనధికార బూస్టర్ గాని. ఈ ఒక్క గ్రాఫ్ వారం రోజుల వెతుకులాటని ఆదా చేస్తుంది.

సైట్‌లో చూడాల్సినవి

కరెంటు. మూడు సెక్టార్లకి మూడు కొత్త రేడియోలు అదనంగా 1.2 కిలోవాట్లు తీసుకుంటాయనుకోండి. 48 వోల్టుల మీద అది 25 ఆంపియర్లు. పాత లోడ్ 30 ఆంపియర్లు, బ్యాటరీ 600 ఆంపియర్ అవర్లు, అందులో 80 శాతం వాడొచ్చనుకుంటే ఇదివరకు 16 గంటలు వచ్చేది ఇప్పుడు తొమ్మిది గంటలు కూడా రాదు. కరెంటు పోయాక ఎల్‌టీఈ ముందు ఆరిపోయి, 2జీ, ట్రాన్స్‌మిషన్ చివరిదాకా ఉండేలా కట్టండి. రేడియోలు వేరువేరుగా ఉంటే రెక్టిఫైయర్‌లో ఎల్‌టీఈని ముందుగా తెగే బ్రేకర్ మీద పెట్టండి. 2జీ, 4జీ ఒకే రేడియోలో ఉంటే బ్రేకర్‌తో విడదీయలేరు. అప్పుడు బ్యాటరీ వోల్టేజీ తగ్గగానే ఎల్‌టీఈ వాహకాన్ని సాఫ్ట్‌వేర్ ఆపేసేలా అమర్చాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటుతో పాటు ఫోన్లూ మూగబోయాయి. అలాంటి రోజున ఒక్క కాల్ కలవడమే పదివేలు. కోస్తా సైట్లలో ఈ అమరికని కాగితం మీద వదిలేయకుండా మెయిన్స్ ఆపి పరీక్షించండి.

క్లాక్. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. పాత 2జీ సైట్ తన టైమింగ్‌ని ఈ1 లైన్ (సైట్‌ని నెట్‌వర్క్‌కి కలిపే పాత రకం లైన్) నుంచే తీసుకుంటుంది. 4జీ కోసం ఐపీ బ్యాక్‌హాల్ (సైట్ నుంచి కోర్ దాకా వెళ్లే లింక్) వేసి ఈ1ని తీసేస్తే ఆ క్లాక్ కూడా పోతుంది. సైట్ వెంటనే చావదు. లోపలి ఆసిలేటర్ కొన్నాళ్లు నెట్టుకొస్తుంది, తర్వాత ఫ్రీక్వెన్సీ మెల్లగా జారుతుంది. అనుమతి 50 పీపీబీ (వంద కోట్లలో 50 వంతులు), అంటే 1800 మెగాహెర్ట్జ్ దగ్గర 90 హెర్ట్జ్ మాత్రమే. అది దాటాక ఆ సైట్‌కి వచ్చే హ్యాండోవర్లు (నడుస్తున్న కాల్‌ని పక్క సెల్‌కి అప్పగించడం) విఫలమవుతాయి. మార్పు జరిగి వారాలు గడిచాక కాల్స్ తెగడం మొదలవుతుంది కాబట్టి ఎవరికీ ఈ1 గుర్తురాదు. ఈ1 తీసే ముందే జీపీఎస్ యాంటెన్నా గాని, నెట్‌వర్క్ ద్వారా వచ్చే 1588 ప్రమాణపు టైమింగ్ గాని లాక్ అయిందని చూసుకోండి. 2300 మెగాహెర్ట్జ్ లాంటి టీడీడీ బ్యాండ్ (పంపడం, అందుకోవడం ఒకే ఫ్రీక్వెన్సీలో వంతులవారీగా జరిగేది) అయితే ఫ్రీక్వెన్సీ ఒక్కటే చాలదు, ఫేజ్, అంటే సైట్ల మధ్య సమయం కూడా 1.5 మైక్రోసెకన్ల లోపు కలవాలి.

బ్యాక్‌హాల్. సెక్టార్‌కి 4 టీఆర్‌ఎక్స్‌లున్న జీఎస్‌ఎం సైట్‌కి ఒక ఈ1, అంటే 2 ఎంబీపీఎస్ సరిపోయేది. 5 మెగాహెర్ట్జ్ ఎల్‌టీఈ ఒక్క సెక్టార్ గరిష్ఠంగా 37 ఎంబీపీఎస్ దాకా ఇస్తుంది. ఒక సెక్టార్ గరిష్ఠం, మిగతా రెండూ సగటున 8 చొప్పున, పైన హెడర్ల (ప్యాకెట్ మీది చిరునామా భాగం) భారం కలిపితే సైట్‌కి 60 ఎంబీపీఎస్ కావాలి. 2జీ కూడా ఇదే లింక్ మీదికి వస్తుంది కాబట్టి ప్రాధాన్యం తప్పనిసరి: క్లాక్ అందరికంటే ముందు, తర్వాత 2జీ వాయిస్, వోల్టీ, ఆ తర్వాత సిగ్నలింగ్, చివర ఇంటర్నెట్. సైట్ రౌటర్‌లో ప్రాధాన్యం గుర్తులు సరిగ్గానే వేస్తారు, మధ్యలో ఒక మైక్రోవేవ్ లింక్ వాటిని పట్టించుకోకుండా అన్నిటినీ ఒకే క్యూలో నిలబెడుతుంది. పగలంతా బాగుండి రాత్రి 8 నుంచి 11 మధ్య మాత్రమే 2జీ కాల్స్ ముక్కలుగా వినిపిస్తే మొదటి అనుమానం దాని మీదే. పరీక్ష సులువు: రెండు మూడు ఫోన్లతో డౌన్‌లోడ్ పెట్టి లింక్‌ని నింపండి, అదే సమయంలో 2జీకి లాక్ చేసిన ఫోన్‌తో ఐదు నిమిషాలు మాట్లాడండి.

కనెక్టర్లు. పెద్ద 7/16 రకానికి 25-30 న్యూటన్ మీటర్లు, చిన్న 4.3-10 రకానికి 5. టార్క్ రెంచ్ లేకుండా చేత్తో బిగించినవి ఎండకీ వానకీ వదులై అప్‌లింక్ శబ్దాన్ని పెంచుతాయి.

కోర్‌లో 4జీ, 2జీలను కలిపే వంతెన

డేటాకి ఎంఎంఈ (4జీ ఫోన్ల నమోదు చూసేది), సర్వింగ్ గేట్‌వే, ప్యాకెట్ గేట్‌వే (ఈ రెండూ డేటాను ఇంటర్నెట్‌కి చేర్చేవి), హెచ్‌ఎస్‌ఎస్ (4జీ చందాదారుల డేటాబేస్) కావాలి. వాటిని నిలబెట్టడం వెండర్ పుస్తకంలో ఉన్నట్టే సాగుతుంది. జాగ్రత్తంతా ఎంఎంఈకి, ఎంఎస్‌సీకి మధ్య ఉండే ఎస్‌జీఎస్ లింక్ దగ్గర పడాలి. ఇది ఎస్‌సీటీపీ అనే ప్రోటోకాల్ మీద 29118 పోర్టులో నడుస్తుంది. రెండు వేర్వేరు దారుల్లో, రెండు ఐపీలతో కట్టండి.

పని ఇలా జరుగుతుంది. ఫోన్ 4జీకి వచ్చి, నాకు డేటా, వాయిస్ రెండూ కావాలని ఉమ్మడి అటాచ్ అడుగుతుంది. ఎంఎంఈ తన పట్టికలో ఆ ట్రాకింగ్ ఏరియాకి (4జీ సెల్స్ గుంపు) ఏ లొకేషన్ ఏరియా (2జీ సెల్స్ గుంపు), ఏ ఎంఎస్‌సీ అని చూసి ఎస్‌జీఎస్ మీద నమోదు చేస్తుంది. ఎంఎస్‌సీ ఒప్పుకోకపోతే ఎంఎంఈ ఫోన్‌కి కారణం 18 పంపుతుంది, అంటే వాయిస్ అందుబాటులో లేదని. మామూలు స్మార్ట్‌ఫోన్లు వాయిస్‌కే మొదటి పీట వేస్తాయి. వాయిస్ లేదనగానే 4జీని వదిలేసి 2జీకి వెళ్లిపోతాయి. వాడుకరికి కనిపించేది "4జీ సిగ్నల్ రావడం లేదు" అన్నది. రేడియో టీమ్ రోజంతా టవర్ చుట్టూ తిరుగుతుంది, తప్పు మాత్రం ఎస్‌జీఎస్‌లో ఉంటుంది. ఎక్కడైనా ఫోన్లు మూకుమ్మడిగా 4జీ వదిలేస్తుంటే ముందు ఎంఎంఈలో కారణం 18 లెక్క చూడండి.

పట్టికలో ప్రతి ట్రాకింగ్ ఏరియా ఒకే లొకేషన్ ఏరియాకి చెందాలి. ఫోన్ 2జీకి దిగినప్పుడు నిజంగా దొరికే సెల్ కూడా అదే లొకేషన్ ఏరియాలో ఉండాలి. తేడా ఉంటే దిగగానే ముందు లొకేషన్ అప్‌డేట్ చేయాలి, కాల్ ఇంకో రెండు సెకన్లు ఆగుతుంది. దిగిన సెల్ వేరే ఎంఎస్‌సీది అయితే వచ్చే కాల్ పోతుంది, కాల్‌ని కొత్త ఎంఎస్‌సీకి మళ్లించే రోమింగ్ రిట్రై లేదా రోమింగ్ ఫార్వర్డింగ్ సదుపాయం ఎంఎస్‌సీల్లో ఉంటే తప్ప.

సరిహద్దులు ఎక్కడ గీస్తారన్నది ఇక్కడే తేలుతుంది. రాజమండ్రి, కొవ్వూరుల మధ్య గోదావరిని చూడండి. మ్యాప్‌లో నది సహజమైన గీతలా కనిపిస్తుంది, అటు ఒక లొకేషన్ ఏరియా, ఇటు ఇంకొకటి పెట్టేయాలనిపిస్తుంది. కానీ నీటి మీద సిగ్నల్ అడ్డులేకుండా సాగుతుంది. రాజమండ్రి గట్టున నిలబడ్డ ఫోన్‌కి కొవ్వూరు సైట్ గట్టిగానే వినిపిస్తుంది. 4జీ రాజమండ్రి సైట్‌ది, దిగేసరికి 2జీ కొవ్వూరుది. పైగా వంతెన మీద రైలు వెళ్లిన ప్రతిసారీ బోగీల నిండా ఉన్న ఫోన్లు ఒకేసారి లొకేషన్ అప్‌డేట్ చేస్తాయి. రెండు గట్లనీ ఒకే ఏరియాలో ఉంచి, గీతని ఊరి బయట, జనం పలచగా ఉన్నచోట, 2జీ, 4జీ రెండింటికీ ఒకేచోట వేయండి.

సిమ్ సంగతి కూడా ముందే చూడండి. పాత 2జీ సిమ్‌తో ఎల్‌టీఈకి అటాచ్ కాలేరు, యూసిమ్ (కొత్త రకం సిమ్) ఉండాలి. 4జీ ఫోన్ కొని పాత సిమ్ వేసుకున్నవాళ్ల జాబితాని ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య) ద్వారా తీసి, సైట్ ఆన్ చేయడానికి ముందే సిమ్ మార్చుకోమని మెసేజ్ పంపండి.

ఫాల్‌బ్యాక్ పరీక్ష

4జీ నుంచి కాల్ నొక్కగానే ఫోన్ సర్వీస్ రిక్వెస్ట్ పంపుతుంది. ఎంఎంఈ బేస్ స్టేషన్‌కి చెబుతుంది, బేస్ స్టేషన్ ఫోన్‌ని వదిలేస్తూ చేతిలో ఒక జాబితా పెడుతుంది: ఈ 2జీ వాహకాల్లో వెతుక్కో అని. అంతా సరిగ్గా ఉంటే మామూలు 2జీ కాల్ కంటే రెండు మూడు సెకన్లు ఎక్కువ. రెండు వైపులా ఫాల్‌బ్యాక్ ఫోన్లే ఉంటే పది సెకన్లు దాటొచ్చు. ఆలోపే విసిగి కట్ చేసేవాళ్లుంటారు, కాబట్టి ఇక్కడ అర సెకను తగ్గించినా విలువే.

తరచూ చెడేది ఆ జాబితా. స్పెక్ట్రం కోత వల్ల 2జీ బీసీసీహెచ్‌లు మారతాయి. మార్చింది 2జీ టీమ్, జాబితా ఉన్నది 4జీ టీమ్ దగ్గర. అప్‌డేట్ కాకపోతే ఫోన్ లేని వాహకాల్లో వెతికి, చివరికి మొత్తం బ్యాండ్ స్కాన్ చేస్తుంది. కాల్ 15-20 సెకన్లకి కలుస్తుంది, లేదా అసలు కలవదు. 2జీ ఫ్రీక్వెన్సీ ప్లాన్ మారిన ప్రతిసారీ అదే పనుల జాబితాలో 4జీ రీడైరెక్షన్ జాబితా కూడా ఉండాలి. రెండు టీమ్‌లకి రెండు వేర్వేరు టికెట్లు పెడితే ఏదో ఒక రాత్రి ఒకటి మిగిలిపోతుంది.

ప్రతి సైట్‌లో ఇవి చేయండి: 4జీ నుంచి 2జీకి, 2జీ నుంచి 4జీకి, 4జీ నుంచి 4జీకి కాల్స్, ఒక్కో రకం సెక్టార్‌కి పదేసి. ఇవన్నీ ఒకసారి డేటా ఖాళీగా ఉన్నప్పుడు, ఒకసారి వీడియో నడుస్తుండగా. తర్వాత మెసేజ్. అది ఎస్‌జీఎస్ మీదే రావాలి, మెసేజ్ కోసం ఫోన్ 2జీకి దిగిందంటే ఏదో తప్పు. బ్యాంకు ఓటీపీ రావడం, యాప్‌లో డేటా ఆగడం ఒకేసారి జరిగితే చెల్లింపే పోతుంది. బ్యాలెన్స్ చూసుకునే స్టార్-హ్యాష్ కోడ్‌లు మాత్రం ఫాల్‌బ్యాక్ చేయిస్తాయి. వాటిని వాడే చందాదారులు ఎక్కువైతే బ్యాలెన్స్ సమాచారాన్ని యాప్‌కో మెసేజ్‌కో మళ్లించడం 2జీకి నిజమైన ఊరట.

కాల్ అయ్యాక ఎంతసేపట్లో 4జీకి తిరిగి ఎక్కుతోందో కొలవండి. 2జీ వైపు కాల్ ముగింపు సందేశంలోనే 4జీ ఫ్రీక్వెన్సీ చెప్పే ఫాస్ట్ రిటర్న్ ఆన్ చేస్తే ఒకటి రెండు సెకన్లు. లేకపోతే పదుల సెకన్ల పాటు 2జీలోనే ఉండిపోతుంది, వాడుకరి నెట్ స్లో అంటాడు.

స్విచాఫ్ అని తప్పుగా చెప్పే సమస్యకి చూడాల్సిన చోట్లు మూడు: ఎంఎస్‌సీ రీస్టార్ట్ తర్వాత నమోదులు పోయి తిరిగి రాకపోవడం, పేజింగ్ (కాల్ వచ్చిందని ఫోన్‌ని పిలవడం) తప్పు ట్రాకింగ్ ఏరియాకి వెళ్లడం, టైమర్లు పొసగకపోవడం. ఫోన్ ఆవర్తన అప్‌డేట్ (ఉన్నానని అప్పుడప్పుడూ చెప్పడం) టైమర్ సాధారణంగా 54 నిమిషాలు. ఎంఎంఈ ఎదురుచూసే గడువు దానికంటే 4 నిమిషాలు ఎక్కువ ఉండాలి. ఎవరైనా ఒకటి మార్చి రెండోది వదిలేస్తే బతికున్న ఫోన్‌ని నెట్‌వర్క్ తీసేస్తుంది.

డేటా వైపు రెండు మాటలు

ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం). ప్రతి ప్యాకెట్ మీద టన్నెల్ హెడర్ 36 బైట్లు చేరుతుంది, ఐపీసెక్ (ప్యాకెట్లని గుప్తీకరించే పద్ధతి) వాడితే ఇంకో 60-70. ఫోన్‌కి 1358 బైట్ల ఎంటీయూ ఇవ్వండి, బ్యాక్‌హాల్‌ని 1600కి పైగా ఉంచండి. పింగ్ వస్తుంది, చిన్న పేజీలు తెరుచుకుంటాయి, పెద్దవి సగంలో ఆగిపోతాయి అన్నారంటే దారిలో ఎక్కడో 1500 మిగిలింది.

ప్రీపెయిడ్ ఛార్జింగ్. రోజువారీ డేటా ప్లాన్లన్నీ అర్ధరాత్రి ఒకేసారి రీసెట్ అవుతాయి. నడుస్తున్న సెషన్లన్నీ అదే నిమిషంలో కొత్త కోటా అడిగితే ఛార్జింగ్ సర్వర్ ఉక్కిరిబిక్కిరవుతుంది. కోటా గడువుని సెషన్ సెషన్‌కీ కొన్ని నిమిషాల తేడాతో చెదరగొట్టండి. సర్వర్ జవాబివ్వకపోతే సెషన్ తెంచాలా, కొనసాగించాలా అన్నది గేట్‌వేలో ముందే తేల్చండి. ఇంటర్నెట్‌కి ఏదైనా పెట్టుకోండి, వాయిస్ నడిచే ఐఎంఎస్ ఏపీఎన్‌కి (ఏపీఎన్ అంటే ఫోన్ తెరిచే ఒక్కో డేటా కనెక్షన్ పేరు) మాత్రం కొనసాగించడమే పెట్టండి.

వోల్టీకి వెళ్లడం

వోల్టీలో ఫోన్ ఐఎంఎస్ అనే విడి ఏపీఎన్ తెరుస్తుంది. సిగ్నలింగ్ క్యూసీఐ 5 (క్యూసీఐ అంటే ప్రాధాన్యం, ఆలస్యం తేల్చే తరగతి) బేరర్ (ఫోన్‌కి కోర్‌కి మధ్య డేటా దారి) మీద, కాల్ సమయంలో మాట క్యూసీఐ 1 మీద, ఇంటర్నెట్ క్యూసీఐ 9 మీద. క్యూసీఐ 1 హామీ ఉన్న బేరర్, ఆలస్యం పరిమితి 100 మిల్లీసెకన్లు. మాట 20 మిల్లీసెకన్లకి ఒక ప్యాకెట్, 12.65 కేబీపీఎస్ వైడ్‌బ్యాండ్ కోడెక్‌లో ఒక్కోటి సుమారు 32 బైట్లు. దాని మీద ఐపీవీ6 హెడర్లు 60 బైట్లు. మాట కంటే చిరునామా బరువెక్కువ. అందుకే హెడర్ కంప్రెషన్ ఆన్ చేయాలి, 60 బైట్లు నాలుగైదుకి తగ్గుతాయి. సెల్ అంచున ఫోన్ పవర్ చాలనప్పుడు ఒకే ప్యాకెట్‌ని నాలుగు టీటీఐల్లో (ఒక్కోటి ఒక మిల్లీసెకను) వరుసగా పంపే బండ్లింగ్ కూడా కావాలి. ఇవి రెండూ లేని వోల్టీ టవర్ పక్కన అద్భుతంగా, ఊరి చివర గరగరగా ఉంటుంది.

ఫైర్‌వాల్‌లో ఒక చిక్కు ఉంది. కాల్ మొదలుపెట్టడానికి ఫోన్ పంపే ఇన్వైట్ సందేశం 1300 బైట్లు దాటితే అది యూడీపీ వదిలి టీసీపీకి మారుతుంది. టీసీపీ మూసి ఉంటే రిజిస్ట్రేషన్ అవుతుంది, మెసేజ్‌లు వెళ్తాయి, కాల్ మాత్రం బయటికి పోదు. రెండు ప్రోటోకాల్స్‌నీ తెరవండి.

4జీ కవరేజీ దాటితే కాల్‌ని 2జీకి అప్పగించేది ఎస్‌ఆర్‌వీసీసీ. హెచ్‌ఎస్‌ఎస్‌లో ప్రతి చందాదారుకీ ఎస్‌టీఎన్-ఎస్‌ఆర్ నంబరు (అప్పగింతప్పుడు కాల్ చేరాల్సిన నంబరు) ఉండాలి. చందాదారులని పెద్ద బ్యాచ్‌లుగా మార్చేటప్పుడు ఈ ఒక్క గడి ఖాళీగా పోవడం మామూలే. ఫలితం: ఊళ్లో కాల్స్ బాగుంటాయి, ప్రయాణంలో ఒకేచోట తెగుతుంటాయి. అప్పగింతని సిగ్నల్ పూర్తిగా చచ్చేదాకా ఆపకండి. మైనస్ 112 డీబీఎం ఆర్‌ఎస్‌ఆర్‌పీ (4జీ సిగ్నల్ బలం) దగ్గర కొలతలు మొదలుపెట్టి డ్రైవ్ టెస్ట్‌తో సవరించండి. రింగ్ అవుతుండగా అప్పగించే సదుపాయం వేరే ఫీచర్, విడిగా కొని ఆన్ చేయాలి. అది లేకపోతే ఎత్తకముందే తెగే కాల్స్ ఉంటాయి, అవి డ్రాప్ లెక్కలో కనిపించవు.

వచ్చే కాల్‌ని ఐఎంఎస్‌కి పంపాలా, ఎంఎస్‌సీకా అన్నది ఐఎంఎస్‌లోని సర్వర్ హెచ్‌ఎస్‌ఎస్‌ని అడిగి తేల్చుకుంటుంది. ఫోన్‌లో వోల్టీ బటన్ ఆపినవాళ్లు, ఆపరేటర్ సెట్టింగులు లేని ఫోన్లవాళ్లు ఫాల్‌బ్యాక్‌లోనే ఉంటారు. ప్రతి మోడల్‌నీ వేరుగా పరీక్షించాల్సిందే. అత్యవసర నంబరు 112 కాల్‌ని వోల్టీలోనూ, ఫాల్‌బ్యాక్‌లోనూ, 2జీలోనూ చేసి చూడండి, ముందుగా కంట్రోల్ రూమ్‌కి చెప్పి.

ఆన్ చేసే రాత్రి

పది పదిహేను సైట్ల క్లస్టర్‌గా, రాత్రి 1 నుంచి 5 మధ్య. క్రమం: 2జీ ఫ్రీక్వెన్సీ మార్పు ముందు. దాని తర్వాత కనీసం రెండు పూర్తి రోజులు 2జీని మాత్రమే గమనించండి. కాల్ డ్రాప్‌కి ట్రాయ్ పరిమితి 2 శాతం, కానీ మీ పోలిక ఆ సెల్ పాత అంకెతో ఉండాలి. 0.6 నుంచి 1.4కి పెరిగితే పరిమితిలోనే ఉన్నా ఏదో చెడింది. అది కుదురుకున్నాకే ఎల్‌టీఈ సెల్స్‌ని ఆపరేటర్ వాడకానికి మాత్రమే రిజర్వ్ చేసి తెరవండి, పరీక్ష సిమ్‌లతో పైన చెప్పినవన్నీ చేయండి, తర్వాత ప్రజలకి వదలండి. ఒకే రాత్రి రెండు పనులూ చేస్తే పొద్దున పెరిగిన డ్రాప్‌కి కారణం ఫ్రీక్వెన్సీ ప్లానా, ఫాల్‌బ్యాకా అన్నది విడదీయలేరు. వెనక్కి తిరిగే స్క్రిప్ట్ పాత 2జీ ప్లాన్‌తో సిద్ధంగా ఉండాలి, నిర్ణయం తీసుకునే మనిషి ఎవరో, ఏ గంటలోపో రాసి ఉండాలి.

వోల్టీ కాల్స్ వాటా పెరిగాక 2జీలో మిగిలిన టీఆర్‌ఎక్స్‌లనీ తీసి ఎల్‌టీఈని 10 మెగాహెర్ట్జ్ చేయాలన్న ఒత్తిడి వస్తుంది. అప్పుడు మనుషుల ఫోన్లతో పాటు యంత్రాల సిమ్‌లనూ లెక్కించండి. కార్డు గీసే మిషన్లు, వాహన ట్రాకర్లు, మీటర్లు ఇంకా జీపీఆర్‌ఎస్ మీదే ఉంటాయి. అవి కాల్ సెంటర్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయవు. ఐఎంఈఐ మొదటి ఎనిమిది అంకెలతో పరికరం రకాన్ని గుర్తించి, సెల్ వారీగా జాబితా తీసి, వాటి యజమాని సంస్థలకి గడువు రాసి పంపండి. ఆ జాబితా ఖాళీ కాని సెల్‌లో ఒక టీఆర్‌ఎక్స్‌ని, ఒక స్థిరమైన జీపీఆర్‌ఎస్ స్లాట్‌ని అలాగే ఉంచండి.